మా ఇంటి పక్క నుంచి పోయే రోడ్డు

నిర్మల్‌లో మా ఇంటికి కూతవేటు దూరంలోనే హైవే. నా చిన్నప్పుడు అది ఏడో నంబరు జాతీయ రహదారి, వారణాసి నుంచి కన్యాకుమారి దాకా. 2010లో నంబర్లు మార్చాక 44లో కలిసిపోయింది. ఇప్పుడు దాని పై కొస శ్రీనగర్‌లో ఉంది. రాత్రిళ్లు లారీల చప్పుడు వింటూ పడుకునేవాళ్లం. ఈ రోడ్డు పట్టుకొని పోతే చివరికి సముద్రమే వస్తుందని అమ్మ చెప్పేది. అమ్మ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు.

నలభై నాలుగేళ్ల వయసులో, నవంబరు ఒకటో తేదీ పొద్దున, శ్రీనగర్ లాల్‌చౌక్ గంటాఘర్ ముందు సైకిలెక్కాను. మొత్తం 3,700 కిలోమీటర్లకు పైగా. రెండు పక్క బ్యాగులు, మూడు ట్యూబులు, పంక్చర్ సామాను, ఒక సీసా కొబ్బరినూనె. నూనె తలకు కాదు. రోజంతా సీటు మీద కూర్చుంటే తొడలు ఒరుసుకుపోతాయి, దానికి.

మొదటి రెండు రోజులూ చినార్ ఆకుల ఎరుపే కళ్లనిండా. కాజీగుండ్ దగ్గర సొరంగంలోకి సైకిల్‌ను పోనివ్వలేదు, ఒక పికప్ వ్యాన్‌లో ఎక్కించారు. తొమ్మిది కిలోమీటర్ల చెనాని సొరంగం దగ్గరా అంతే. ఆ ముక్కలు తొక్కలేకపోయాననే బాధ ఇప్పటికీ ఉంది. రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడే చోట, ఒక పక్క చీనాబ్ లోయ, ఇంకో పక్క మిలిటరీ లారీల వరస. బ్రేకులు పట్టీ పట్టీ వేళ్లు కొంకర్లు పోయాయి.

పంజాబ్‌లో తిండికీ పడకకీ టెన్షన్ లేదు. ఖన్నా దగ్గర ఒక గురుద్వారాలో అడిగీ అడగకముందే లంగర్లో కూర్చోబెట్టి రొట్టెలు వడ్డించారు, పడుకోవడానికి గది చూపించారు. పానిపట్ వైపు వచ్చేసరికి గాలంతా పొగ. మాస్కు వేసుకుంటే ఊపిరాడదు, తీస్తే గొంతు మంట. మూడు రోజులు దగ్గుతూనే తొక్కాను.

రోజుకెన్ని కిలోమీటర్లో లెక్కపెట్టుకుంటే మనసు చెదిరిపోతోందని నదులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సట్లెజ్, యమున. ధోల్‌పూర్ దాటాక మట్టిదిబ్బల నడుమ చంబల్. నర్సింగ్‌పూర్ జిల్లాలో నర్మద, అక్కడ దిగి కాళ్లు తడుపుకున్నాను. సివనీ దాటాక పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీద ఎత్తుగా కట్టారు, పులులూ జింకలూ కింద నుంచి దాటిపోవడానికి. ఆ వంతెన మీద నేనూ గంట కొట్టకుండానే తొక్కాను.

పెన్‌గంగ దాటగానే తెలుగు బోర్డు. ఇరవై రెండు రోజులుగా హిందీలో అడిగి తిని, హిందీలోనే దారి అడిగి వచ్చినవాణ్ణి, ఆదిలాబాద్‌లో చాయ్ కొట్టు ముసలాయన "ఎక్కడి నుంచి వస్తున్నవ్ బిడ్డా?" అంటే జవాబు చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఇచ్చోడ, నేరేడిగొండ, టేకు చెట్లు, ఘాటు దిగుడు. చీకటి పడే వేళకు మా గల్లీ.

ఈ యాత్రలో కష్టం ఎక్కడంటే అందరూ కశ్మీర్ అనుకుంటారు. నాకు మా ఇల్లే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, కాళ్లకు నువ్వులనూనె, పాత నులకమంచం. ఒక రాత్రి అనుకున్నవాణ్ణి రెండు రాత్రులు ఉండిపోయాను. రెండో రోజు పొద్దున లేవడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. "రెండు వేల కిలోమీటర్లు తొక్కినవ్ కదా, సాలదా?" అన్నాడు తమ్ముడు. వాడు ప్రేమతోనే అన్నాడు. నాకూ చాలనే అనిపించింది. ఇంటికి చేరిన మనిషిని మళ్లీ దారి మీదికి పంపడానికి ఏ శిక్షణా పనికిరాదు.

మూడో రోజు తెల్లవారుజామున అమ్మే లేపింది. సద్దిమూట కట్టి హ్యాండిల్‌కు తగిలించింది. "సగం దాంక వొయ్యి వచ్చిన అంటే, సముద్రం ఎట్లుంటదని అడిగితే ఏం జెప్తవ్?" అంది. సోన్ వంతెన మీద గోదావరి కనిపించేదాకా వెనక్కి చూడలేదు. అక్కడ ఆగి, సైకిల్ స్టాండ్ వేసి, చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాతి దారి తొందరగా సాగింది. ఆర్మూర్ రాళ్లగుట్టలు, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలులో తుంగభద్ర, పామిడి దగ్గర ఇసుక మేటల మధ్య పెన్న. సేలం నుంచి మదురై దాకా వాన. కావేరి దాటేటప్పుడు రెయిన్‌కోటు లోపల కూడా నీళ్లే. తిరునల్వేలి దాటి ఆరల్వాయ్‌మొళి దగ్గర గాలిమరలు కనిపించాక అలసట గుర్తు రాలేదు.

ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం కన్యాకుమారిలో సైకిల్‌ను గోడకు ఆనించి అమ్మకు ఫోన్ చేశాను. ఏదో చెప్పబోతుంటే మధ్యలో ఆపింది.

"ఆ సప్పుడేందిరా?"

"సముద్రమే అమ్మా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వు మాట్లాడకు. ఫోన్ అట్లనే దానిదిక్కు పట్టుకో" అంది.

ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.