సందేశానికి పదికి మూడు

మొన్న రాత్రి సెకండ్ షోకి ఒక దెయ్యం సినిమా చూసొచ్చి గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే మావాడు అడిగాడు, "ఇంత బాగా తీశాడు కదా, అవార్డేమైనా వస్తుందంటావా?" అని. "దెయ్యాలకి అవార్డులెవడిస్తాడ్రా" అనేశాను. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ మాటే గుచ్చుకుంది, ఎందుకంటే అందులో నా పాపం కూడా కొంత ఉంది.

కొన్నేళ్ల క్రితం చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో నాటిక పోటీలకి నన్ను జడ్జిగా పిలిచారు. ముగ్గురం. చేతికో మార్కుల కాగితం ఇచ్చారు: రచన, దర్శకత్వం, నటన, రంగాలంకరణ, చివర్న సందేశం. రెండో నాటిక హాస్యం. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు పొరపాటున పక్కింట్లో దూరి, టిఫిన్లు తినేసి, పిల్ల నచ్చిందని చెప్పేస్తారు. పెళ్లికొడుకు తండ్రి వేషం వేసినతను ఇడ్లీ నోట్లో పెట్టుకుని, ఇది మనం రావాల్సిన ఇల్లు కాదని తెలిశాక, నమలాలా మానాలా అని ఒక్క క్షణం ఆగాడు చూడండి, ఆ ఆగడం అర సెకను ఎక్కువైనా జోకు చచ్చిపోయేది. పక్కనున్న పెద్దాయన కళ్లజోడు తీసి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ పడీపడీ నవ్వాను.

తర్వాతి నాటికలో ముసలి తండ్రిని కొడుకు వృద్ధాశ్రమంలో దింపేస్తాడు, వెనక వయొలిన్. సగంమంది లేచి పల్లీల బండి దగ్గరికి వెళ్లారు. ఫస్టు ప్రైజు దానికే ఇచ్చాం. నవ్వించినదానికి సందేశం గడిలో పదికి మూడు వేసింది నేనే, చివరికి ప్రోత్సాహక బహుమతి అని ఒక చిన్న షీల్డు చేతిలో పెట్టి పంపేశాం. ఆ ఇడ్లీ నటుడు మేకప్ తుడుచుకుంటూ వచ్చి "మా దాన్లో ఏటి తక్కువైందండి మాస్టారూ?" అన్నాడు. "కొంచెం బరువు తగ్గిందండీ" అన్నాను. ఏ బరువో నాకే తెలీదు.

పెద్ద అవార్డుల్లోనూ ఆ ప్రోత్సాహక షీల్డు లాంటిది ఒకటుంది. మన జాతీయ అవార్డుల్లో, మంచి వినోదం పంచిన ప్రజాదరణ చిత్రం అని వేరే విభాగం ఎప్పట్నుంచో ఉంది. 'శంకరాభరణం'కి ఇచ్చిందీ అదే, 2023లో 'ఆర్‌ఆర్‌ఆర్'కి ప్రకటించిందీ అదే. అదేమీ చిన్న అవార్డు కాదు గానీ, పెద్ద పీట వేరేవాళ్లకేసి జనం మెచ్చినదానికి వరండాలో కుర్చీ వేసినట్టుంటుంది నాకు. 2015కి 'బాహుబలి' ఏకంగా ఉత్తమ చిత్రం కొట్టేసింది, నిజమే, అప్పుడు ముక్కు విరిచినవాళ్లూ తక్కువేం కాదు.

ఆస్కార్ వాళ్లూ 2018 ఆగస్టులో జనాదరణ సినిమాలకి వేరే అవార్డు పెడతామని ప్రకటించి, తిట్లు పడేసరికి నెల తిరక్కుండానే పక్కన పెట్టేశారు. అంతకుముందు జనం ఎగబడి చూసిన బ్యాట్‌మ్యాన్ సినిమా 'ది డార్క్ నైట్'కి ఉత్తమ చిత్రం నామినేషన్ దక్కలేదని గొడవైతే ఆ తర్వాతి ఏడాదికి ఐదు నామినేషన్లని పది చేశారు. అయితే కుర్చీలు పెరిగినా ఓటు వేసే పద్ధతి ఇంకోలా పనిచేస్తుంది. ఉత్తమ చిత్రానికి సభ్యులు ఒకటి, రెండు, మూడు అని వరస రాస్తారు. దెయ్యం సినిమా అంటే ఒకడు నెత్తిన పెట్టుకుంటాడు, ఇంకొకడు చూడ్డానికే భయపడి అట్టడుగున పడేస్తాడు. ఎవరికీ మరీ చెడ్డగా అనిపించని సినిమా మధ్యలోంచి మెల్లగా పైకొస్తుంది.

భయపెట్టే సినిమాలకి పేరుమోసిన దర్శకుడు, ఆస్కార్‌కి అయిదుసార్లు నామినేట్ అయిన హిచ్‌కాక్‌కి ఉత్తమ దర్శకుడు ఒక్కసారీ రాలేదు. 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' మాత్రం చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే అని ఐదు పెద్ద అవార్డులూ ఊడ్చేసింది. దాన్ని హారర్ అంటే ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, థ్రిల్లరట. గెలిచిందంటే చాలు, కులం మార్చేస్తారు.

ఇక మన విజయనగరంవాళ్లం అసలు ఈ తప్పు చెయ్యకూడదు. 1892లో ఇక్కడే స్టేజీ ఎక్కిన 'కన్యాశుల్కం'లో గిరీశం నోరు తెరిస్తే నవ్వే కదా, బరువు తగ్గిందని గురజాడకి మార్కులు కోసినవాడెవడు?

ఈ సంక్రాంతికి ఆ ఊరినుంచి మళ్లీ పిలుపొచ్చింది. వస్తాను గానీ కాగితంలో ఆ సందేశం గడి తీసెయ్యండి అన్నాను. "అది దాత గారు పెట్టించిందండి, తీస్తే ఫీలవుతారు" అన్నారు కమిటీవాళ్లు.