ఉప్పు తగ్గిన కార్తీకం

కార్తీకం మూడో సోమవారం. రోజంతా ఉపవాసం ఉండి, చుక్కలు కనబడ్డాక దీపం పెట్టి, రెండు అరటిపళ్లు తిని పడుకున్నాను. తెల్లవారుజామున 3 గంటలకే కారెక్కాలి. సంక్రాంతి దాటాక అనంతగిరి కొండల్లో మా పరుగు మిత్రులందరం పరిగెత్తాలని అనుకున్నాం. ముందుగా దారి చూసి రావడానికి నేనూ, నన్ను అక్కా అని పిలిచే ఇద్దరు కుర్రాళ్లూ బయల్దేరాం.

ఆ నెలంతా నాది నక్తం. పగలు నీళ్లూ టీ, రాత్రి ఒక్క పూట అన్నం. మా పుట్టింట్లో అందరికీ బీపీ ఉందని ఆ అన్నంలో కూడా ఉప్పు బాగా తగ్గించేశాను. ఏటా చేసే నోమే, ఏటా ఉండే పరుగే. కానీ బీచ్ రోడ్డు మీద 10 కిలోమీటర్లు వేరు, కొండల్లో 24 వేరు.

పైన గడ్డకట్టించే చలి. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబడుతున్న కాఫీ పళ్లు. విశాఖ ఉక్కపోతలో పావుగంటకోసారి నీళ్లు తాగడం నాకు అలవాటు. చెమటే పట్టని ఆ చలిలోనూ అదే లెక్కన తాగుతూ పోయాను. ఏడు గంటల్లో ఆరు లీటర్ల దాకా, అన్నీ ఉత్త నీళ్లే. మోకాలు లాగుతోందని మధ్యలో నొప్పి మాత్ర కూడా వేసుకున్నాను. ఒక గూడెంలో ఓ ముసలమ్మ గిన్నెలో చోడి అంబలి తెచ్చి "తాగు తల్లీ" అంది. పగలు తినకూడదని దండం పెట్టి వచ్చేశాను. అందులో ఉప్పుంది. ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

మొదట వేలికి ఉంగరం బిగిసింది. తర్వాత తలనొప్పి, వాంతి. ఒంట్లో నీరు తగ్గిపోయిందనుకుని తమ్ముళ్లిద్దరూ సీసా నా నోటికి పెట్టారు. నేనూ తాగాను. ఘాట్ దిగుతుంటే మా అబ్బాయి పేరు అడిగారట, చెప్పలేకపోయానట. దారిలో ఒక చిన్న ఆస్పత్రిలో నీరసమని చెప్పి, రక్తం చూడకుండానే గ్లూకోజు ఎక్కించారు. గ్లూకోజు ఖర్చయిపోయాక ఒంట్లో మిగిలేది మళ్లీ నీళ్లే. విశాఖ చేరేలోపే ఫిట్స్ వచ్చాయి.

ఉప్పులో ఉండే సోడియం రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. నాకు 117 ఉంది. ఒంటికి శ్రమ ఎక్కువైనప్పుడు మూత్రాన్ని ఆపే హార్మోను పెరుగుతుంది, నొప్పి మాత్ర దానికి తోడవుతుంది. తాగిన నీరు బయటికి పోక రక్తం పలచబడుతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. ఫిట్స్ ఆపడానికి 3 శాతం ఉప్పునీరు కొద్దిగా ఎక్కించారు. ఆ తర్వాత అంతా నెమ్మదే. "ఉప్పే కదా, తొందరగా ఎక్కించెయ్యొచ్చుగా!" అని మా ఆయన డాక్టరుగారిని బతిమాలారట. "ఇది ఇవాళే పడిపోయిందో, నెలంతా తగ్గుతూ వచ్చిందో మనకు తెలియదండీ. ఒక్కసారిగా పెంచితే మెదడులో నరాల పైపొర దెబ్బతింటుంది. రోజుకి 8 దాటనివ్వను" అన్నారాయన. ఆ ఓపికకు నేనెంతో రుణపడి ఉన్నాను.

ఐసీయూలో అన్నిటికన్నా కష్టమైనది దాహం. రోజుకి లీటరుకు మించి ఇవ్వలేదు. అత్తయ్య తడిదూదితో పెదాలు అద్దుతూ, నోము తనే పట్టించానని ఏడ్చేది. ఆవిడ తప్పేమీ లేదు. నాలుగో రోజుకి 134కి వచ్చాను.

ఇంటికొచ్చాక అసలు బెంగ మొదలైంది. వంటింట్లో నిలబడి, చేతిలో ఉన్నదాన్ని ఏమంటారో గుర్తురాక వెతుక్కునేదాన్ని. గరిటె. ఆ మాట దొరకడానికి ఒక్కోరోజు నిమిషం పట్టేది. నిద్రపట్టని రాత్రుల్లో ఈ జబ్బు గురించి చదివాను. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉందట. నా ఒక్కదానికే కాదన్నమాట అనుకుంటే కాస్త గుండె నిబ్బరపడింది.

ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఉప్మాలతో రోజులు గడిచాయి. మూడు వారాలకు మాటలు తడబడటం తగ్గింది. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా మా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. సంక్రాంతి పరుగు నేను లేకుండానే అయిపోయింది. తమ్ముళ్లు గూడెం ముసలమ్మకు చీర పెట్టి వచ్చారు.

ఫిబ్రవరిలో సోడియం 139 వచ్చాక డాక్టరుగారు పరిగెత్తమన్నారు. రెండు షరతులు పెట్టారు. దాహమేస్తేనే తాగాలి. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోవాలి, పెరిగిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. మొదటి రోజు 2 కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చేసరికి అత్తయ్య తూకం యంత్రం గుమ్మంలోనే పెట్టుకుని కూర్చుంది. వెళ్లేముందు 58.4. వచ్చాక 58.2. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఆ అంకెను కేలెండరు మీద రాసుకుంది.