ఒక దోపిడీ, ఆరు నేరాలు

1960 జనవరి 10 తెల్లవారుజామున అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, లీస్ సమ్మిట్ పట్టణంలో ఒక ఇంటి బేస్‌మెంటులో ఆరుగురు పేకాడుతుండగా, ముసుగులు వేసుకున్న ముగ్గురో నలుగురో ఆయుధాలతో చొరబడి అందరినీ దోచుకుపోయారు. బాధితులు ఆరుగురు కాబట్టి చట్టం లెక్కలో నేరాలు ఆరు. నిందితుల్లో ఒకడైన ఆష్‌ను ప్రాసిక్యూషన్ మొదట వారిలో ఒక్కరిని దోచుకున్నందుకే విచారణకు నిలబెట్టింది. దోపిడీ జరిగిందనడంలో వివాదం లేదు; దొంగల్లో ఇతడున్నాడా అన్నదే తేలవలసింది. సాక్ష్యం చాలదని జ్యూరీ అతణ్ణి విడిచిపెట్టింది. ఆరు వారాలకే అదే దోపిడీకి, మరో ఆటగాడిని దోచుకున్నాడంటూ మళ్ళీ బోనెక్కించారు.

ఈసారి సాక్షుల జ్ఞాపకశక్తి ఆశ్చర్యకరంగా మెరుగుపడింది. మొదటి విచారణలో అతణ్ణి అసలు గుర్తించలేని ఇద్దరు ఇప్పుడు ముఖకవళికలు, ఒడ్డూపొడుగూ సరిపోతున్నాయన్నారు. అంతకుముందు ఆకారం, కదలికలు మాత్రమే చెప్పిన మరొకరికి గొంతు కూడా గుర్తుకొచ్చింది. మొదటిసారి తనకు ప్రతికూలంగా చెప్పిన సాక్షిని ప్రాసిక్యూషన్ ఈసారి పిలవనే లేదు. ఫలితం 35 ఏళ్ళ జైలుశిక్ష.

1970లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఒకసారి తేలిపోయిన అంశాన్ని అదే పక్షాల మధ్య తిరగదోడరాదన్న సూత్రం ద్వంద్వ విచారణ నిషేధంలోనే ఇమిడి ఉందని జస్టిస్ స్టీవర్ట్ రాశారు. నాకు మాత్రం జస్టిస్ బ్రెనన్ విడిగా రాసిన మాటే బలమైనదనిపిస్తుంది: ఒకే సంఘటనలోంచి పుట్టిన అభియోగాలన్నిటినీ సాధారణంగా ఒకే విచారణలో కలిపి తీరాలి. ఎందుకంటే స్టీవర్ట్ సూత్రం నిర్దోషిగా బయటపడినవాడికే, అదీ జ్యూరీ ఏ అంశం తేల్చిందో స్పష్టంగా కనబడినప్పుడే అక్కరకొస్తుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రెనన్ చెప్పినలాంటి నియమాన్ని శాసనంగానే రాసుకుంది. లైట్లు లేకుండా బండి నడిపినందుకు ఫిలడెల్ఫియాలో ఒకరిని ముందే దోషిగా తేల్చారు కాబట్టి, అదే సందర్భంలో మత్తులో బండి నడిపాడని పెట్టిన కేసును ఇక నడపరాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. కొందరికి ఇది అతిగా తోచవచ్చు. కానీ అభియోగాలు ప్రాసిక్యూషన్ చేతిలోనివే కదా, కలపడానికి వారికి అడ్డేముంది?

మన దగ్గర రాజ్యాంగం 20(2) అధికరణం ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించడాన్ని నిషేధిస్తుంది. నిర్దోషిగా విడుదలైనవారికి రక్షణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 300వ సెక్షన్ నుంచి వచ్చింది. తేలిన అంశాన్ని తిరగదోడరాదన్న సూత్రాన్నైతే మణిపూర్ అడ్మినిస్ట్రేషన్ వర్సెస్ థోక్‌చోమ్ బీరా సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు 1964లోనే, ఆష్ తీర్పు కంటే ముందే, నిలబెట్టింది. అయితే ఒకే సంఘటనలోని వేర్వేరు నేరాలను కలిపి విచారించవచ్చునని మాత్రమే మన చట్టం అంటుంది, కలపాలని అనదు. విడిగా మళ్ళీ విచారించాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఉంటే చాలు. కేసు నడిపే పక్షాన్నే కాపలా పెట్టడం నాకు సమంజసంగా తోచదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా 243, 337 సెక్షన్లలో ఈ ఏర్పాటునే కొనసాగించింది.