కండలు వలస వచ్చే దారి

మెల్బోర్న్‌లోని ఒక పరిశోధనశాలలో నా పని జీబ్రా చేపలను సాకడం. చిటికెన వేలంత కూడా ఉండవు. మన దేశపు వాగుల్లో, వరి మళ్లలో బతికే జాతి. నీళ్లు 28 డిగ్రీలు, 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి. ఆదివారమైనా సంక్రాంతి అయినా ఈ లెక్క తప్పకూడదు. మేతకు ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న జీవుల గుడ్లు పొదిగిస్తాను. నెల్లూరు తీరంలోని హేచరీల్లో రొయ్య పిల్లలకు వేసేదీ అదే. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే నాయనకు నా ఉద్యోగంలో వెంటనే అర్థమైంది ఆ ఒక్కటే.

"అమ్మకుండా, తినకుండా ఆ చేపల్లో ఏం చూస్తారమ్మా?" అని అడిగాడు ఫోనులో.

చూసేది కండను. గుడ్డులోని పిల్ల పారదర్శకంగా ఉంటుంది. కండ కణాలు మెరిసేలా చేసి మైక్రోస్కోపు కింద పెడితే, వెన్ను పక్కనుంచి కొన్ని కణాలు విడివడి, ఇంకా మొగ్గగా ఉన్న ముందు రెక్కలోకి వెళ్లడం కనబడుతుంది. మూడో రోజుకల్లా రెండు పొరలు. ఒకటి రెక్కను బయటకు తెరుస్తుంది, ఇంకొకటి ఒంటి వైపు లాగుతుంది. మన చేయి కూడా ఇలాగే మొదలవుతుంది. పిండంలో అలా చేరిన కండ కణాల పై ముద్ద నుంచి చేతిని చాపే కండలు, కింది ముద్ద నుంచి ముడిచే కండలు వస్తాయి. చేతి ఎముక అక్కడే పుడుతుంది. కండ మాత్రం వలస వస్తుంది. అది ఏ ఆకారంలో స్థిరపడాలో చెప్పేది అక్కడి కణజాలం. ఊరు వదిలి వచ్చినదాన్ని, ఈ సంగతి చదివిన రోజు నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

సొర చేపల్లో పొట్ట కింద ఉండే వెనుక రెక్కల జతకు ఒంటి గోడ కండే సాగి దిగుతుంది. నాలుగు కాళ్ల జీవుల్లో కణాలు పూర్తిగా వలస వస్తాయి. మా జీబ్రా చేపలాంటి ఎముక చేపలది ఈ రెంటికీ మధ్య దారి అని 2011లో ఇక్కడి మోనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ కరీ బృందం చూపింది. బరువు మోసే వెనుక కాలు రూపొందడానికి ఈ మార్పే వీలు కల్పించి ఉంటుందని వాళ్ల ఆలోచన.

చేప నేల మీదికి పాకి వచ్చాక కాళ్లు మొలిచినట్టు గీసే బొమ్మలంటే నాకు కోపం. గ్రీన్‌లాండ్‌లో శిలాజంగా దొరికిన, కాళ్లున్న తొలి జీవుల్లో ఒకటైన అకాంతోస్టెగాకు ముందు కాలికి ఎనిమిది వేళ్లున్నాయి, మొప్పలూ ఉన్నాయి. అది నీళ్లలో బతికిన జీవి. అంతకన్నా ముందుది, 37.5 కోట్ల ఏళ్ల నాటి టిక్టాలిక్ అనే చేప. దాని కటి ఎముక పెద్దదే, కానీ మన కటిలా వెన్నెముకకు అతుక్కోలేదు. కాలు ముందు నీళ్లలోనే తయారైంది.

"మరి ఉప్పుటేరు బురదలో గెంతే చేపలో?" అన్నాడు నాయన. అవి మన పూర్వీకులు కావు. ముందు రెక్కలు రెండూ ఒకేసారి ఊని ముందుకు తోసుకుంటాయి. వాటిది వేరే శాఖ. మన వైపు బంధువును చూడాలంటే క్వీన్స్‌లాండ్‌లోని మేరీ, బర్నెట్ నదుల్లో ఉండే ఊపిరితిత్తుల చేపను చూడాలి. దాని రెక్క కండపట్టి ఉంటుంది. నాయన వస్తే అక్కడికి తీసుకెళతాను.

అప్పటిదాకా వింటున్న అమ్మ మధ్యలో అందుకుంది. "బొమ్మిడాయికి పొట్ట కింద ఆ రెక్కలు లేవు కదే?" నిజమే. ఆ జాతి వెనుక రెక్కల జతను పూర్తిగా పోగొట్టుకుంది. ఏళ్ల తరబడి బూడిదతో తోముతూ అమ్మ చూసిపెట్టుకున్న సంగతి అది. సోమవారం మా బృందం కూర్చున్నప్పుడు అమ్మ చెప్పిందనే చెప్పాను.