"బయట" అంటే ఎక్కడమ్మా?

మాది ప్రవాసం అంటే మా చుట్టాలు నవ్వుతారు. ఒడిశా అంచున పర్లాకిమిడిలో ఉంటాం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. అయినా మా అమ్మాయి ఒడియాలో చదువుతుంది, ఇంగ్లీషులో అలుగుతుంది, ఆకలేస్తే మాత్రం తెలుగు.

పోయినేడు జూన్‌లో రజ పండగ వచ్చింది. పూరీ వైపు నుంచి వచ్చిన ఒడియావాళ్లు మా పక్కింట్లో ఉంటారు. ఆ మూడు రోజులూ భూదేవి ముట్టయిందని వాళ్లు నేల దున్నరు, ఆడపిల్లలకి పని చెప్పరు. కొత్త బట్టలు, కాళ్లకి పారాణి, ఉయ్యాల, పొడ పిఠా అనే కాల్చిన పిండివంట. నాలుగో రోజు భూదేవికి స్నానం. రజస్వలలో ఉన్న రజే ఇదీను. అప్పటికి పదకొండేళ్ల మా పిల్ల పిఠా ముక్క నములుతూ వచ్చి, "అమ్మా, భూమికి పీరియడ్స్ అట! తెలుగులో ఏమంటారు?" అంది.

"బయట ఉండటం" అనేశాను.

"ఎక్కడ బయట? అక్కావాళ్లు లోపలే ఉయ్యాల ఊగుతున్నారు కదా."

బయట చేరింది, దూరంగా ఉంది, మూల కూర్చుంది. నేను విని పెరిగిన మాటలన్నీ ఆడదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేవే. ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పేది ఒక్కటీ లేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని, ఒక్క మాట కోసం తడుముకున్నాను. చివరికి "నెలసరి" అన్నాను.

ఆ రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. నారు పోసేముందు మడి తయారుచేసినట్టు, గర్భాశయం లోపల ఓ మెత్తటి పొర పెరుగుతుంది. అండాశయం నుంచి అండం విడుదలవుతుంది. గర్భం నిలవకపోతే ఇంచుమించు రెండు వారాలకి హార్మోన్లు తగ్గి, ఆ పొర రక్తంతో పాటు బయటికొచ్చేస్తుంది. "చెడు రక్తం కాదా? నాన్నమ్మ అలాగే అంటుంది." కాదన్నాను. ఒక నెలసరిలో పోయేది మామూలుగా 30-40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. "అంతేనా!" అని నిరాశపడింది.

అలాగని రజని మరీ ఆకాశానికెత్తను. "భూదేవికి పండగే గానీ, ఆ రోజుల్లో నేను దేవుడి గదిలోకి వెళ్లకూడదు" అని పక్కింటావిడే అంది.

డిసెంబరులో పిల్ల పెద్దమనిషయింది. టెక్కలి నుంచి మా అత్తగారు చిమ్మిలితో, తాటాకు చాపతో దిగారు. "ఏటమ్మా, పదకొండు రోజులూ కూకోబెట్టవా?" నాలుగో రోజే బడికి పంపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదావిడ. ఫంక్షన్‌కి ఫ్లెక్సీ కొట్టిద్దామంటే పిల్లే అడ్డం పడింది: "నా పీరియడ్స్‌కి ఊళ్లో బోర్డెందుకు?" ఇంట్లో మాట్లాడటానికి సిగ్గుపడే విషయానికి వీధి చివర ఫ్లెక్సీ ఎలా కడతామో నాకూ ఎప్పుడూ అర్థం కాలేదు.

చిమ్మిలి మాత్రం వదల్లేదు. నువ్వుల్లో ఇనుము ఉన్నా అదొక్కటే చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని మా మహాతల్లి కిటికీలోంచి విసిరేస్తోందని అప్పుడే తెలిసింది.

రెండో నెలసరి 43 రోజులకి వచ్చింది. ఈలోగా అత్తగారికి ఒకటే టెన్షన్, పిల్లకి గాలి సోకిందేమోనని. తొలి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల్లో ఎప్పుడొచ్చినా పర్వాలేదని, అండం విడుదల ఇంకా కుదురుకోలేదని డాక్టరమ్మ చెప్పింది. నెలసరి రాక మూడు నెలలు దాటినా, గంటగంటకీ ప్యాడ్ నిండినా, నొప్పితో బడి మానాల్సి వచ్చినా తీసుకురమ్మంది. అప్పట్నుంచి వంటింటి క్యాలెండర్ మీద పిల్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతోంది. పక్కనే పాల లెక్క రాసే మా ఆయన మొదట్లో వాటి వైపు చూసేవారు కాదు. ఇప్పుడు "ప్యాకెట్ తేవాలా?" అని ఆయనే అడుగుతున్నారు.

ఈ వేసవిలో అత్తగారు మళ్లీ వచ్చారు. ఆ సున్నాలేంటని అడిగితే మనవరాలు మొత్తం చెప్పింది, నాకంటే బాగా. "ఏడాదిపాటు రాకపోతే ఆగిపోయినట్టే నాన్నమ్మా, ఇంక కనబడదు." పప్పు ఏరుతున్న చెయ్యి ఆగింది. రాత్రి నా పక్కన చేరి చెప్పారు: సంక్రాంతి నుంచి అప్పుడప్పుడూ మరక కనబడుతోందట. ఆవిడకి నెలసరి ఆగి పదేళ్లయింది.

ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా డాక్టరుకి చూపించుకోవాలి. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ గర్భాశయ క్యాన్సర్‌కి తొలి గుర్తు కూడా అదే కావచ్చు. ఆ సంగతి ఆవిడకి సగమే చెప్పి, మర్నాడు బరంపురం తీసుకెళ్లాం. ఓపీ చీటీ దగ్గర కుర్రాడు "ఏంటి ఇబ్బంది?" అన్నాడు. నేను గొంతు తగ్గించి ఏదో మొదలుపెట్టేలోపే అత్తగారు ముందుకొచ్చారు.

"నెలసరి ఆగిపోయి పదేళ్లయింది బాబూ. ఇప్పుడు మళ్లీ రగతం కనబడతంది."

అతను తలెత్తకుండా రాసుకుని చీటీ ఇచ్చాడు. స్కానింగ్ తీశారు, పాలిప్, అంటే లోపల పెరిగిన చిన్న కండ ఉందని, దాన్ని తీసేసి పరీక్షకి పంపారు. పది రోజులకి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు.