‘ఆర్‌ఆర్‌ఆర్’ పిల్లలతో చూస్తుంటే ఎక్కడ ఆపాలి

మూడు గంటలు దాటిన సినిమా. ఒకే రాత్రి చూపిస్తే పిల్లలకు మిగిలేది పులి, డాన్సు. రెండు రోజులు పెట్టుకోండి. కొరడా దెబ్బల ఘట్టం పదేళ్ల లోపువాళ్లకు వద్దు. 2022లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది హిందీ డబ్బింగు, తెలుగు జీ5లో వచ్చింది.

మొదట ఆపాల్సింది గోండు పిల్ల మల్లిని గవర్నర్ దొర తీసుకుపోయేచోట. పాటకిచ్చిన బహుమతి అనుకుని తల్లి పుచ్చుకున్న నాణేలు నిజానికి పిల్లకు కట్టిన వెల. ఇక్కడ ఒకటే అడగండి: ‘ఆ దొర చచ్చిపోతే అడవిలో కష్టం తీరుతుందా?’ తీరదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును (అడవి నరికి, కాల్చి చేసే సాగును) కట్టడి చేసింది, అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 మన్యం తిరుగుబాటు వెనుక ఆ కోపముంది. కొమురం భీమ్ తలపడింది తెల్లవాళ్లతో కాదు, నిజాం సర్కారుతో. 1940లో జోడేఘాట్‌లో చంపిందీ దాని బలగాలే. కల్పిత కథ అని సినిమా ముందే చెప్పుకుంది, సరే. కానీ అమెరికాలో పుట్టిన మన పిల్లలకు వేరే భీమ్ తెలియడుగా! అందుకే మ్యాప్ తీసి ఆసిఫాబాద్ వైపు జోడేఘాట్‌నీ, అల్లూరి చనిపోయిన కొయ్యూరునీ చూపించండి. అల్లూరి గిరిజనుడు కాదనీ, పక్కన నిలిచి పోరాడిన గాము గంటం దొర, మల్లు దొర మన్యంవాళ్లేననీ చెప్పండి.

రెండోది చివర్లో. భీమ్ చదువు అడుగుతాడు, రామ్ (సినిమాలో అల్లూరి) జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ (నీరు, అడవి, భూమి) అని రాసిస్తాడు. భీమ్ పేరుతో నిలిచిన నినాదం ఇంకొకరి చేతిరాతగా మారిపోయింది. నాకు అన్నిటికన్నా ఇదే గుచ్చుకుంటుంది. భీమ్ చంద్రాపూర్‌లో అక్షరాలు నేర్చాడనీ, అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడనీ ఆయన జీవితకథలు చెబుతాయి.

‘ట్రైబల్స్’ అని వదిలేయకండి. గోండు, కోయ, కొండరెడ్డి అనండి. బడిలో అమెరికా ఆదివాసుల గురించి లకోటా, నవాహో అని పేర్లతోనే చదువుతున్న పిల్లలు కాబట్టి ఇట్టే పట్టుకుంటారు. గోండీ కూడా తెలుగులాగే ద్రావిడ భాష అంటే మరీ ఉత్సాహపడతారు.

‘మరి అడవి వాళ్లకిచ్చేశారా?’ అని తప్పక అడుగుతారు. అప్పుడు 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద స్వతంత్ర భారత పోలీసులు జరిపిన కాల్పుల గురించి చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006లో గానీ రాలేదు. పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి తమ సాగులో ఉందని ఇప్పటికీ వాళ్లే రుజువు చూపించాలి.