తంగేడా, దాని చుట్టమా? ఈ వానాకాలం నోట్సు

జులై

మా కాలనీ పార్కులో, డివైడర్ల మీద పసుపుగా పూసే పొద ఏదైనా సరే, అందరి నోటా తంగేడే. బతుకమ్మకి అసలు తంగేడే కోయాలని నా పట్టుదల. అందుకే చేవెళ్ల వైపు బీడులోంచి ఒక కొమ్మ, పార్కులోంచి ఒక కొమ్మ తెచ్చి పక్కపక్కన పెట్టాను. పువ్వుని పైపైన చూస్తే తేలదు. రెండిటికీ అయిదు రేకులే, రంగూ ఒకటే.

ఆకు కాడ కొమ్మకి అతికే చోటు చూడాలి. బీడులోని కొమ్మకి అక్కడ చెవితమ్మెల్లాంటి గుండ్రటి పత్రపుచ్ఛాలు (కాడ మొదట్లో వచ్చే చిన్న ఆకుల్లాంటివి) అటొకటి ఇటొకటి ఉన్నాయి. ముదిరిన ఆకుల దగ్గర కూడా రాలిపోలేదు. ఇదే మన తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పార్కు కొమ్మకి అవి సన్నగా, పొడుగ్గా ఉన్నాయి, త్వరగా రాలిపోతాయి.

ఆగస్టు

పదిరెట్ల భూతద్దం కొన్నాను. ఈ పనికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు! తంగేడు ఆకులో ప్రతి జత చిట్టాకుల మధ్యా నిలువుగా ఒక చిన్న గ్రంథి, అంటే బుడిపె లాంటిది, ఉంది. పార్కు మొక్కకి అడుగు రెండు మూడు జతల మధ్యే ఉంది. పువ్వు విప్పి కేసరాలు (పుప్పొడి మోసే కాడలు) చూశాను: తంగేడులో పైమూడూ గొడ్డువి, పార్కు దాంట్లో పదింటికీ పుప్పొడి ఉంది. అంటే అది సెన్నా సురాటెన్సిస్. నర్సరీల్లో దీన్ని ఇప్పటికీ కాసియా గ్లాకా అంటారు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రజ్ఞులు కాసియా ప్రజాతిని విడదీసి ఇలాంటివాటిని సెన్నాలో చేర్చారు. పాత పుస్తకాలు చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పసుపుగా పూసే ఇంకో చుట్టం కసివిందతో పేచీ లేదు. కొసలు మొనదేలిన చిట్టాకులు, నలిపితే ఘాటు కంపు, కాడ మొదట్లో ఒకే గ్రంథి. సీమ తంగేడు చెట్టవుతుంది, ఆకు కాడకి గ్రంథులే ఉండవు.

సెప్టెంబరు

బీడులో నిరుటి ఎండుకాయలు ఇంకా వేలాడుతున్నాయి. కాగితమంత పలచన, లోపలి గింజలు ఉబ్బి కనిపిస్తాయి. గింజ పెంకు గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, రాత్రంతా నానబెట్టి, లోతైన కవర్లలో నాటాను. తల్లివేరు త్వరగా దిగుతుంది, తర్వాత కదిపితే తట్టుకోదు. మొలకలు వచ్చాయి. నాలుగైదు ఆకులు వేశాక పత్రపుచ్ఛాలు ఫొటో తీసి పెడతాను.